వెట్టి ఎన్నిసార్లు రద్దయింది?

1976లో పార్లమెంటు చేసిన 19వ నంబరు చట్టం వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. ఇంగ్లిషులో రాసిన ఆ చట్టం తొలి పుటల్లోనే, నిర్వచనాల కింద, ముప్పైకి పైగా పేర్ల వరుస ఒకటి ఉంటుంది. మనిషిని అప్పుకో, పుట్టుకకో కట్టేసి పని చేయించుకునే పద్ధతిని దేశంలో ఎక్కడ ఏమంటారో అందులో గుదిగుచ్చారు. ఆదియమార్, బారామాసియా, చెరుమార్, హోల్యా, కమియా, సగ్రి, సేవక్... ఇలా సాగే ఆ వరుస మీద వేలు పెట్టి చదువుకుంటూ పోతే తెలుగువాడి వేలు నాలుగు చోట్ల ఆగుతుంది. భాగేలా. జీతా. పాలేరు. వెట్టి.

జాబితాలో చిట్టచివరి మాట వెట్టే.

ఈ నాలుగింటిలో మూడు మనం ఈనాటికీ వాడుతున్న మాటలు. పాలేరు లేని పాత సినిమా లేదు, పాత నవల లేదు. నెల మొదటి తారీఖున బ్యాంకులో పడే జీతం కోసం కోట్లమంది ఎదురుచూస్తారు. తెలంగాణ పల్లెలో మాత్రం ‘జీతముండడం’ అంటే వేరు. ఉగాదికి దొర దగ్గర కుదిరినవాడు మళ్లీ ఉగాది దాకా ఆ గడప వదలకూడదు. తీసుకున్న అప్పు తీరకపోతే ఆ పై ఉగాది దాకా, ఆ తర్వాత కొడుకు ఎదిగేదాకా. హైదరాబాదు సంస్థానంలో అప్పుకింద ఇలా కట్టుబడ్డవాడే భాగేలా. వెట్టికైతే అప్పు కూడా అక్కర్లేదు. ఏ ఇంట్లో పుట్టాడో అదే పత్రం.

మాట చాలా పాతది. సంస్కృతంలో ‘విష్టి’ అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే పని. మన వెట్టి దాని నుంచి వచ్చిందే. క్రీస్తుశకం 150 ప్రాంతంలో రుద్రదాముడు జునాగఢ్ శాసనంలో ఒక సంగతి గర్వంగా చెక్కించుకున్నాడు: సుదర్శన తటాకం గట్టు తెగితే పన్నులతోనో విష్టితోనో ప్రజల్ని పీడించకుండా, సొంత ఖజానా నుంచి ఖర్చుపెట్టి బాగుచేయించాడట. రాజు రాయి మీద చెక్కించుకునేంత గొప్ప అయిందంటే, మిగతా రాజులు ఏం చేసేవారో వేరే చెప్పనక్కర్లేదు.

నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల్లో వెట్టి ఎలా నడిచిందో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాసిన సాయుధ పోరాట చరిత్రలో కులం కులంగా విప్పి చెప్పారు. దళిత కుటుంబం ప్రతిదీ ఇంటికొక మనిషిని వెట్టికి పంపాలి. ఆ మనిషి చావడి దగ్గర కాపలా కాయాలి, ఠాణాకు చీటీలు మోయాలి, వచ్చిన అధికారికి ఊడిగం చేయాలి. చెప్పులు, మోటబొక్కెనలు, పగ్గాలు కుట్టినవాళ్లు ఊరికే ఇవ్వాలి. చాకలి గడిలో బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి. కుమ్మరి కుండలు, గొల్ల పండగకు గొర్రె, గీసేవాడు పూటకిన్ని సీసాల కల్లు, సాలె బట్ట, కోమటి దుకాణంలోంచి సరుకు. రైతుకైనా తప్పేది కాదు. వాన పడితే ముందు దొర పొలం దున్ని, నీళ్లు ముందు దొర పొలానికి పారించి, ఆ తర్వాతే తన మడి సంగతి.

ఇన్నింటిలో ఒక్కటి చదివితే మనసులోంచి పోదు. దొర కుటుంబం ఎడ్లబండిలో ఊరు వెళ్తే, దారి చూపడానికి, అడ్డం తొలగించడానికి వెట్టివాడు బండికి ముందు పరుగెత్తాలి. సవారీ బండికి కట్టే ఎడ్లు మంచి పరుగుగల జత. వాటి గిట్టలు వెనక తరుముతుంటే, మెడలో గంటలు చప్పుడు చేస్తుంటే, ఆ మనిషి ఊరి పొలిమేర దాటి పక్క ఊరి దాకా ఉరకాలి. అలసట ఎడ్లకైతే ఆపుతారు. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనే పలకరింపు ఇలాంటి పరుగుల మధ్య పుట్టిన భాష.

నిజానికి నిజాం సర్కారు వెట్టిని ఏనాడూ బాహాటంగా సమర్థించలేదు. డబ్బివ్వకుండా ఎవరి చేతా పని చేయించుకోకూడదు, సరుకు తీసుకుంటే వెల కట్టాలి అని గస్తీలు, అంటే సర్కారు ఉత్తర్వులు, జారీ అవుతూనే ఉండేవి. కానీ రాజ్యభాష ఉర్దూ. తెలంగాణ పల్లెల మాట తెలుగు. గస్తీ వచ్చి చేరేది పట్వారీ పెట్టెలోకి, మాలిపటేలు చేతిలోకి. వెట్టి తీసుకునేది వాళ్లే. తన చాకిరి నిషిద్ధమని చాకిరి చేసేవాడికి చెప్పాల్సిన మనిషి, దాని ఫలం తింటున్న మనిషి ఒక్కడే అయ్యాడు. ఈ కథంతటికీ కీలకం ఇక్కడే ఉంది.

1921 నవంబరులో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం పట్టుకున్నది సరిగ్గా ఈ కీలకాన్నే. వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచి సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, ఆయన సహచరులు సర్కారు గస్తీలను సంపాదించి, తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి ఊళ్లకు పంపారు. కొత్త చట్టం ఏదీ అడగలేదు. ఉన్న ఉత్తర్వును ఉన్న భాషలో చదివించారు, అంతే. మొదట దానివల్ల నిలబడగలిగినవాళ్లు చదువూ, నాలుగు రూకలూ ఉన్న వర్తకులే. వెట్టిమాదిగ దాకా ఆ పుస్తకం చేరిందని చెప్పలేం. అయినా కాగితాన్ని ఊరికి తేవడం అనే పని అక్కడే మొదలైంది.

అదే దశకంలో ఏడు సముద్రాల అవతల జెనీవాలోనూ కాగితాలు తయారవుతున్నాయి. నానాజాతి సమితి 1926 సెప్టెంబరు 25న బానిసత్వ నిషేధ ఒప్పందాన్ని ఆమోదించింది. భారతదేశం పేరిట బ్రిటిష్ సర్కారు సంతకం పెట్టింది. పెడుతూ పక్కనే ఒక షరతు రాసింది: సంస్థానాధీశుల రాజ్యాలకు ఈ సంతకం వర్తించదు. ఆ ఒక్క వాక్యంతో మైసూరు, బరోడా, కాశ్మీరు, అన్నిటికన్నా జనం ఎక్కువున్న హైదరాబాదు ఒప్పందం బయట మిగిలిపోయాయి. పాలకుర్తిలోనో విసునూరులోనో బండి ముందు ఉరుకుతున్న మనిషికి ఆ సంగతి తెలిసే దారే లేదు.

1930 జూన్ 28న అంతర్జాతీయ కార్మిక సంస్థ 29వ నంబరు ఒప్పందం చేసింది. నిర్బంధ చాకిరీకి ప్రపంచం మొత్తం ఒప్పుకున్న నిర్వచనం అందులోదే: శిక్ష పడుతుందన్న భయంతో, తనంత తానుగా ముందుకు రాని మనిషి చేత చేయించుకునే ఏ పనైనా నిర్బంధ చాకిరే. మంచి నిర్వచనం. కానీ వెనకే అయిదు మినహాయింపులు పెట్టారు. సైనిక సేవ, పౌరధర్మంగా చేసేవి, కోర్టు శిక్షగా చేయించేవి, వరదల్లాంటి ఆపదలప్పుడు చేయించేవి, చివరిగా ఊరి బాగు కోసం ఊరివాళ్లు చేసే చిన్న పనులు. ఆ చివరి సందులోంచి చాలా దేశాల్లో చాలా చాకిరీ జారిపోయింది. మన దొర కూడా అనేది అదే కదా, ఇది ఊరి కట్టుబాటని.

సంస్థానాలను తప్పుపట్టి బ్రిటిష్ ఇలాకాను మెచ్చుకోవడానికీ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువు గట్లు, కాలువలు తెగినప్పుడు రైతుల్ని బలవంతంగా పనిలోకి దింపడానికి 1858లోనే చట్టం ఉంది. విశాఖ మన్యంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన తీరు తెలుగు పిల్లలందరికీ పాఠంలో ఉంది. అరకొర కూలి ఇచ్చి గిరిజనుల చేత రాళ్లు కొట్టించి, మాట్లాడినవాణ్ని కొట్టించాడు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడడానికి కారణాల్లో ఆ రోడ్డు ఒకటి. ఏజెన్సీలో అప్పు చాకిరీని అదుపు చేయడానికి మద్రాసు ప్రభుత్వం నిబంధన తెచ్చింది 1940లో. రాజు చనిపోయిన పదహారేళ్లకు.

హైదరాబాదు సర్కారు 1936లో భాగేలా ఒడంబడికల నిబంధన చేసింది. భాగేలాను అది రద్దు చేయలేదు. ఒడంబడిక ఎలా ఉండాలో చెప్పింది. అంటే వేలిముద్ర వేసేవాడికీ వేయించుకునేవాడికీ మధ్య న్యాయంగా ఉండమని ఒక కాగితం. పెళ్లికో చావుకో అప్పు తెచ్చుకున్నవాడు ఆ ఒడంబడికలో ఏం రాశారో చదవలేడు, చదివిపెట్టేది పట్వారీ. 1940లో జోడెన్‌ఘాట్‌లో కొమురం భీం చనిపోయాక మేలుకున్న నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను గిరిజన ప్రాంతాల మీద నివేదికలు రాయమంది. గోదావరి ఒడ్డున పాపికొండల్లో ఆయన చూసింది ఇదే భాగేలా, వేరే రూపంలో. కొండరెడ్లు కలప వర్తకుల దగ్గర ఏదో ఎప్పుడో తీసుకున్నారని పద్దు. అడవిలో చెట్లు కొట్టి, ఒడ్డుకు ఈడ్చి, తెప్పలు కడుతున్నా ఆ పద్దు తరగదు. పద్దు పుస్తకం వర్తకుడి దగ్గరే ఉంటుంది మరి.

వెట్టి నిజంగా వణికింది 1944 తర్వాత. ఆ ఏడు భువనగిరి ఆంధ్రమహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. మహాసభ రెండుగా చీలింది, ఆయన పక్షం ‘సంఘం’ పేరుతో ఊళ్లలోకి వెళ్లింది. సంఘం వాళ్లు చెప్పిన మొదటి మాట భూమి గురించి కాదు, వెట్టి చేయొద్దని. నల్లగొండ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ మల్లంపల్లి వారి భూమి కౌలుకు తీసుకుని సాగు చేసుకుంటోంది. పట్వారీ పొలంలో వెట్టికి రానంది. సంఘంలో చేరింది. అరవై ఊళ్ల మీద పెత్తనం ఉన్న విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం కార్యకర్తలు అడ్డం నిలిచారు, పంట ఐలమ్మ ఇంటికే చేరింది. 1946 జూలై 4న కడవెండిలో దొర గడి ముందు నుంచి పోతున్న ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి, దొడ్డి కొమురయ్య చనిపోయాడు. తర్వాత జరిగిందంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఇక్కడ ఒక్కటి చెప్పుకోవాలి: వెట్టి వద్దన్న సర్కారు గస్తీలు ఇరవై ఏళ్లలో చేయలేనిది వెట్టి చేయనన్న ఊరు ఒక్క కారులో చేసింది.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. మరుసటి ఆగస్టులో జాగీర్లు పోయాయి. 1950 జనవరిలో రాజ్యాంగం వచ్చింది, అందులో 23వ అధికరణం మనుషుల్ని అమ్మడం, కొనడం, బేగారు, అలాంటి నిర్బంధ చాకిరీ అన్నిటినీ నిషేధించింది. ‘బేగార్’ అనే మాటను ఇంగ్లిషు ప్రతిలో కూడా అలాగే ఉంచేశారు. దానికి సరిపోయే మాట ఇంగ్లిషులో లేదు. 1930 నాటి జెనీవా ఒప్పందాన్ని భారతదేశం 1954 నవంబరు 30న ఆమోదించింది. 1957లో వచ్చిన 105వ నంబరు ఒప్పందానికి మాత్రం 2000 దాకా ఆగింది.

రాజ్యాంగం నేరమంది కానీ, ఆ నేరానికి శిక్ష ఏమిటో, విడిపించేది ఎవరో చెప్పే చట్టం లేక పాతికేళ్లు గడిచాయి. అది వచ్చింది ఎమర్జెన్సీలో, ఇరవై సూత్రాల పథకంలో భాగంగా. 1975 అక్టోబరు 24న ఆర్డినెన్సు, మరుసటి ఫిబ్రవరిలో చట్టం. ఎమర్జెన్సీ చేసిన చెడు చిన్నది కాదు. అయినా ఈ చట్టం గట్టిదని ఒప్పుకోవాలి. దాని ప్రకారం వెట్టిలో ఉన్న ప్రతి మనిషీ ఆ రోజు నుంచి విముక్తుడు. అతని పేర ఉన్న అప్పు మొత్తం రద్దు. అడగడమే నేరం. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. యజమానికి మూడేళ్ల వరకు జైలు. అమలు చేయాల్సింది కలెక్టరు, చూడాల్సింది జిల్లాలో, డివిజనులో నిఘా సంఘాలు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాగితాన్ని ఊళ్లకు మోసుకెళ్లిన మనిషి ఎస్.ఆర్. శంకరన్. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శి అంటే సచివాలయంలో పంకా కింద కూర్చుని ఫైళ్లు చూడొచ్చు. ఆయన పల్లెలకు వెళ్లి జీతగాళ్లను కూర్చోబెట్టి, మీ అప్పు పోయింది, మీరు ఎవరికీ కట్టుబడి లేరు అని చెప్పేవారు. దొరల దగ్గర నుంచి ఫిర్యాదులు వచ్చాయి. అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డికి ఇది రుచించలేదనీ, శంకరన్ చట్టం అమలు చేయడం తన పని అని నిలబడి, చివరికి సెలవు మీద వెళ్లాల్సి వచ్చిందనీ ఆయనను ఎరిగిన అధికారులు తర్వాత రాశారు. త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిచి ప్రధాన కార్యదర్శిని చేశారు. శంకరన్ తర్వాత పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరులో ఆయన పోయినప్పుడు హైదరాబాదులో ఏడ్చినవాళ్లలో ఎక్కువమంది సచివాలయం మెట్లు ఎన్నడూ ఎక్కనివాళ్లు.

శంకరన్ అంత పట్టుగా ఎందుకు తిరగాల్సి వచ్చిందో కరీంనగర్ చెబుతుంది. సాయుధ పోరాటం ముగిసిన పాతికేళ్లకు, చట్టం వచ్చిన రెండేళ్లకు కూడా జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో వెట్టి నడుస్తూనే ఉంది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రకు వచ్చిన రైతుకూలీలు అడిగినవాటిలో వెట్టి మానిపించడం ఒకటి. అడిగింది చట్టంలో ఉన్నదే. మరుసటి నెలలో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇది క్షమించదగ్గ తప్పు కాదు. పటేల్, పట్వారీ పదవులు పోయింది 1984లో, ఎన్.టి. రామారావు వచ్చాక.

ఎంతమంది వెట్టిలో ఉన్నారన్న లెక్క దగ్గర కూడా అదే పేచీ. 1978లో గాంధీ శాంతి ప్రతిష్ఠానం, జాతీయ కార్మిక సంస్థ కలిసి పది రాష్ట్రాల్లో అధ్యయనం చేసి 26 లక్షల మంది దాకా ఉంటారని తేల్చాయి. సర్కారు వారి నమూనా సర్వే పదహారు రాష్ట్రాల్లో మూడున్నర లక్షలంది. విడిపించిన మనిషికి ఆ ఏడు నుంచి నాలుగు వేల రూపాయల పునరావాసం మొదలైంది, కాబట్టి లెక్క పెరిగితే ఖర్చూ పెరుగుతుంది. చాలా రాష్ట్రాలు మా దగ్గర వెట్టే లేదని రాసిచ్చాయి.

సుప్రీంకోర్టు ఈ దాగుడుమూతలను కొంత ఆపింది. 1982 ఏషియాడ్ కోసం ఢిల్లీలో స్టేడియాలు కడుతున్న కూలీల కేసులో జస్టిస్ భగవతి నిర్బంధం అనే మాటకు అర్థం చెప్పారు. కర్ర పట్టుకుని వెనక నిలబడడమే నిర్బంధం కాదు, ఆకలి కూడా నిర్బంధమే. కనీస వేతనం కన్నా తక్కువకు ఎవరైనా పని చేస్తున్నారంటే అది నిర్బంధ చాకిరే. 1983 డిసెంబరులో ఫరీదాబాద్ రాతి క్వారీల కేసులో ఇంకో మెట్టు ఎక్కారు: ఎవరి చేతనైనా బలవంతంగా పని చేయిస్తున్నారని తేలితే, దాని వెనక బయానా ఉందనే కోర్టు అనుకుంటుంది, లేదని యజమానే చూపాలి. జెనీవాలో 1930లో రాసిన నిర్వచనం కన్నా ఇది చాలా ముందుకు నడిచిన మాట.

ఈలోగా వెట్టి ఊరు మారింది. పాలమూరు గుంపు మేస్త్రీ బయానా చేతిలో పెట్టి, జట్టును లారీ ఎక్కించి, దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి తీసుకుపోయేవాడు. లెక్క తేలేది పని ముగిశాక, మేస్త్రీ నోటితో. మహబూబ్‌నగర్ నుంచి అలా పోయినవాళ్లు కట్టిన డ్యాముల నీళ్లు వాళ్ల పొలాలకు రాలేదు. అలాంటి వలస కూలీల కోసమే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు.

ఇప్పుడు తెలంగాణలో ఇటుక బట్టీలకు వచ్చేది ఒడిశా బలంగీర్, నువాపడా జిల్లాల వాళ్లు. కోతలయ్యాక సర్దారు బయానా ఇస్తాడు, ఇంటిల్లిపాదీ రైలెక్కుతారు. మొగుడు మట్టి తొక్కి కలుపుతాడు, పెళ్లాం ముద్దలు చేసి అచ్చులో కొడుతుంది, పిల్లలు పచ్చి ఇటుకలను ఎండకు తిప్పుతారు. వేయి ఇటుకలకు ఇంత అని రేటు, వానాకాలం ముంచుకొచ్చేదాకా బట్టీ విడిచిపోకూడదు. వారం ఖర్చులకిచ్చేది ఇచ్చి, మిగతాది బయానాలో కోత. ఆ పద్దు పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో పాపికొండల రెడ్లను అడిగినా చెబుతారు. 2012లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చొరవతో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఈ కూలీల కోసం ఒప్పందం చేసుకున్నాయి. జెనీవా కాగితం మన బట్టీ దగ్గరికి రావడానికి ఎనభై రెండేళ్లు పట్టింది.

2016 జూలైలో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న బండారు దత్తాత్రేయ, 2030 నాటికి 1.84 కోట్ల మంది వెట్టికూలీలకు విముక్తి, పునరావాసం కల్పించాలన్న లక్ష్యాన్ని లోక్‌సభ ముందు పెట్టారు. అదే ఏడాది పునరావాసం సొమ్ము మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో మూడు లక్షలు చేశారు. పెంచడం మంచిదే. కానీ పూర్తి సొమ్ము యజమానికి శిక్ష పడడంతో ముడిపెట్టారు. ఒడిశాకు తిరిగిపోయిన కూలీ రంగారెడ్డి కోర్టు వాయిదాలకు ఏళ్ల తరబడి ఎలా వస్తాడు? ఆ ముడి విప్పాలి.

మీ ఊరి పొలిమేరలో బట్టీ ఉందనుకోండి. అక్కడి కుటుంబాన్ని బయటికి పోనివ్వడం లేదని, కూలి చేతికివ్వడం లేదని మీకు తెలిస్తే కలెక్టరుకో ఆర్డీవోకో ఒక అర్జీ రాయండి. అప్పు పత్రం మీరు చూపనక్కర్లేదు, బయానా ఎంతో మీరు తేల్చనక్కర్లేదు. ఆ బరువును 1976 నాటి చట్టం యజమాని నెత్తిన పెట్టింది. విచారణ చేసి, విడుదల పత్రం రాసి, ఆ మనిషి చేతిలో పెట్టడం వాళ్ల బాధ్యత. ఆ పత్రం ఒరియాలో చదివి వినిపించమని మాత్రం అర్జీలో అడగండి.